గుహలో ఎముక కనిపిస్తే
మా అచ్చంపేట నుంచి నల్లమల గుహలకు బయల్దేరే కాలేజీ పిల్లలకు ముందే చెప్తాను: అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లోకి అటవీశాఖ అనుమతితోనే వెళ్లాలి, అక్కడి నుంచి ఏదీ తేకూడదు.

పాతకాలపు ఎముకల కోసం నల్గొండ గ్రానైట్ గుట్టల్లో వెతకడం దండగ. కరిగిన శిల గడ్డకట్టిన ఆ రాయిలో శిలాజాలుండవు. సున్నపురాయి గుహల్లో అడుగున పేరుకున్న మట్టి ముఖ్యం. కర్నూలు వైపు బిల్లసర్గం గుహల్లో 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్వించినప్పుడు జంతువుల ఎముకలు బయటపడ్డది అలాంటి మట్టిలోనే. ఎముక ఏ పొరలో ఉందో తెలిస్తేనే దాని కాలం అంచనాకొస్తుంది. పీకి జేబులో వేసుకుంటే ఆ ఆధారం పోయినట్టే, అదే నా బాధ.

ఎముకను ముట్టుకోకుండా, సైజు తెలిసేలా పక్కన పెన్ను పెట్టి ఫొటో తీయండి. చోటు రాసుకుని హైదరాబాద్‌లోని జీఎస్ఐ (జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా) ఆఫీసుకు చెప్పండి. ఇన్‌స్టాలో లొకేషన్ మాత్రం పెట్టకండి. గబ్బిలాలు కదిలితే లైట్లు తగ్గించి వెంటనే బయటికి వచ్చేయండి.