బండి పని మన చేత్తోనే – 4వ పాఠం: ఆయిల్ డబ్బా చదవడం

పోయిన పాఠంలో డ్రెయిన్ బోల్టు విప్పి పాత ఆయిల్ దింపేశాం. ఇక కొత్తది కొనాలి. షాపువాడు కౌంటర్ మీద ఐదారు రకాల డబ్బాలు పెడతాడు. 'సూపర్', 'గోల్డ్' లాంటి మాటలకి అర్థమేం లేదు, వదిలేయండి. చిన్న అక్షరాలు వెతకండి.

ముందు ఎస్ఏఈ గ్రేడు, అంటే చిక్కదనం. 10డబ్ల్యూ-30లో 30 అనేది ఆయిల్ 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. డబ్ల్యూ అంటే వింటర్. 10డబ్ల్యూ ఆయిల్‌ని మైనస్ 25 డిగ్రీల చలిలో పరీక్షిస్తారు. మన లంబసింగి చలి దాని ముందు ఏపాటిది! అలాగని ఎండలు మండుతున్నాయి కదా అని సొంత తెలివితో 20డబ్ల్యూ-50 పోయకండి. బండితో ఇచ్చిన పుస్తకంలో ఏ గ్రేడు ఉంటే అదే.

తర్వాత ఏపీఐ అక్షరాలు, అంటే అమెరికా వాళ్ల ఆయిల్ నాణ్యత ప్రమాణం. ఎస్‌తో మొదలైతే పెట్రోల్ ఇంజన్‌కి, సితో మొదలైతే డీజిల్‌కి. ఎస్ పక్కన అక్షరం ముందుకు జరిగేకొద్దీ ప్రమాణం కొత్తది: ఎస్ఎల్ 2001లో, ఎస్ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో వచ్చాయి. పుస్తకం ఎస్ఎల్ అంటే ఎస్ఎన్ పోయొచ్చు, ఎస్‌జే పోయకూడదు.

ఇక్కడే నేను దెబ్బతిన్నాను. కారుకి పోయగా మిగిలిన ఆయిల్ ఇంట్లో ఉంది. ఎస్ఎన్ కదా, నా బైక్ అడిగేది ఎస్ఎల్లే కదా అని పోసేశా. వారం తిరక్కుండానే ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజన్ గీపెడుతోంది, బండి మాత్రం లాగడం లేదు. మెకానిక్ కిక్ కూడా కొట్టకుండా "ఏం ఆయిల్ పోశావన్నా?" అన్నాడు.

నేను చూడనిది జాసో గుర్తు. ఇది జపాన్ వాళ్ల ప్రమాణం. చాలా గేర్ బైకుల్లో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్లోనే మునిగి ఉంటాయి. ప్లేట్లు ఒకదాన్నొకటి పట్టుకోవాలంటే కొంత రాపిడి ఉండాలి. కార్ల ఆయిల్లో, అందులోనూ పల్చటి వాటిలో, రాపిడి తగ్గించే మందు కలుపుతారు. అది ప్లేట్ల మీదకి చేరిందా, క్లచ్ స్లిప్పే. అందుకే గేర్ బైక్‌కి ఎంఏ లేదా ఎంఏ2 ఉండాలి. గేర్లు లేని స్కూటర్లో క్లచ్ ఆయిల్లో ఉండదు కాబట్టి దానికి ఎంబీ వాడతారు. ఎంబీ డబ్బా మీద కూడా '4టీ' (అంటే ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌కి) అనే ఉంటుంది, అది చూసి మోసపోకండి.

ఈ వారం పని: మీ బండి పుస్తకం తీసి గ్రేడు, ఏపీఐ, జాసో మూడూ ఒక చీటీ మీద రాసుకోండి. ఎన్ని మిల్లీలీటర్లు పోయాలో కూడా అదే పేజీలో ఉంటుంది. వచ్చే పాఠంలో డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం కొలిచే పుల్ల) చూసేటప్పుడు ఆ లెక్క కావాలి.