మోజార్ట్ సెరెనేడ్‌ను నాలుగు చెల్లోలకు మలిచే ముందు

మోజార్ట్ 1787లో జి మేజర్ శ్రుతి‌లో రాసిన, తీగవాద్యాల సెరెనేడ్ (సాయంవేళ వినోద సంగీతం) ‘ఐనె క్లైనె నాఖ్ట్‌మ్యూజిక్’‌ను నాలుగు చెల్లోల (వయోలిన్ కుటుంబంలోని పెద్ద, మంద్ర వాద్యం) బృందానికి మలచేవారు ముందుగా ప్రతి భాగంలోని అతి కింది స్వరాన్ని గుర్తించుకోవాలి. వయోలిన్, వయోలా భాగాలను ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికి దించవచ్చు గానీ, చెల్లోకు సి తీగను మించిన మంద్రం లేనందున బాస్ (అన్నిటికన్నా కింది) భాగాన్ని మొత్తంగా అలా దించడం కుదరదు. ఫలితంగా మధ్య భాగాలు బాస్ కంటే కిందికి జారి, హార్మనీ (కలిసి మోగే స్వరాల కూర్పు) పునాదే మారిపోయే ప్రమాదం ఉంది. మంద్రంలో దగ్గరదగ్గరగా చేరిన స్వరాలు మసకబారతాయి కాబట్టి వాటిని విడదీయాలి, తప్పనిసరైతే ఒకదాన్ని వదిలేయాలి.

శ్రుతి మార్చకపోవడమే మేలు, ఎందుకంటే మారిస్తే జి, డి తీగలు వేలు పెట్టకుండానే మోగే సౌలభ్యం పోతుంది. చివరి భాగమైన రోండోలో (ప్రధాన రాగం మళ్లీ మళ్లీ తిరిగొచ్చే రూపం) రాగభారమంతా మొదటి చెల్లోపైనే మోపకుండా ఇద్దరికి పంచడం, నా దృష్టిలో, కనీస మర్యాద. కృతిపై హక్కుల చిక్కు లేకపోయినా, ఆధునిక సంపాదకుల ప్రతిని ఆధారం చేసుకుంటే అనుమతి విషయం చూసుకోవాలి.