హెరాల్డ్‌కి కొత్త ముందద్దం: నా అనుభవం

మా నాన్నగారి స్టాండర్డ్ హెరాల్డ్ మద్రాసులో తయారైన కారు. ఇంగ్లండులో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారు పుట్టింది ఈ హెరాల్డ్ ఛాసిస్‌ని (కింది చట్రాన్ని) కురచ చేసే. అమలాపురం రోడ్డులో లారీ టైరు కింద ఎగిరిన కంకర తగిలి ముందద్దం పోయింది. పాత టఫెన్డ్ గ్లాసు, ఒక్క దెబ్బకి పటికబెల్లం ముక్కల్లా ఒళ్లో రాలింది. ఈసారి లామినేటెడ్‌దే తెప్పించాను. పగిలినా మధ్యలో ప్లాస్టిక్ పొర ముక్కల్ని పట్టి ఉంచుతుంది.

అద్దం చుట్టూ ఉండే పాత రబ్బరు పీకితే అసలు రోగం బయటపడింది. కింద ఎడమ మూల రేకు తుప్పుపట్టి పొరలుగా లేస్తోంది. కోనసీమ తేమ, సముద్రపు గాలి మరి. వైరు బ్రష్షు, ఎమరీ పేపరుతో తెల్లటి రేకు కనబడేదాకా గీకి, తుప్పు ఆపే రెడ్ ఆక్సైడ్ ప్రైమరు కొట్టి, పైన పెయింటేసి రెండ్రోజులు ఆరబెట్టాను. ఇది వదిలేస్తే ఎంత ఖరీదైన రబ్బరు వేసినా నీళ్లు దిగుతాయండి.

కొత్త రబ్బరు ముందు అద్దానికే తొడిగి, రేకు అంచు కూర్చునే గాడిలో నైలాన్ తాడు చుట్టూ పెట్టి, కొసలు లోపలికి వదిలాను. అంచులకి సబ్బునీళ్లు. బాబాయ్ బయట అరచేతుల్తో అదుముతూ "నెమ్మదిగా లాగరా అబ్బాయ్" అంటుంటే, నేను లోపల తాడుని బెత్తెడు బెత్తెడు లాగాను. రబ్బరు అంచు రేకు మీదకి చప్పుడు లేకుండా ఎక్కింది. పై మూలలో పట్టేసింది. అక్కడ బలవంతం చేస్తే అద్దం చిట్లుతుంది. మళ్లీ సబ్బునీళ్లు రాశాకే కదిలింది.

మర్నాడు పది బిందెలు పోశాం. లోపల చుక్క పడలేదు.