టీనేజ్ పిల్లలు పెద్ద తప్పు చేస్తే: ఎక్కడ వెతకాలి, ఎలా సరిచేయాలి

ఇది గది సర్దుకోని పిల్లల గురించి కాదు. ఇంట్లో డబ్బు తీయడం, చెయ్యెత్తడం, బడి ఎగ్గొట్టడం, రాత్రిళ్లు చెప్పకుండా వెళ్లిపోవడం, తాగి రావడం లాంటి వాటి గురించి. కొట్టకూడదని, నలుగురిలో పరువు తీయకూడదని, పక్కవాళ్ల పిల్లలతో పోల్చకూడదని మీకు తెలుసనే అనుకుని రాస్తున్నాను.

ముందు ఇది చూడండి: ఎప్పటి నుంచి?

కౌన్సిలింగ్‌కు వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది దాటేసే ప్రశ్న ఇదే. "వాడెప్పుడూ అంతే అండీ" అంటారు. కాస్త నిలేసి అడిగితే, పోయిన పరీక్షల దాకా బాగానే ఉన్నాడని తేలుతుంది. ఏం శిక్ష వేయాలా అని గంటలు గంటలు వాదించుకున్నవాళ్లు క్యాలెండర్ ఒక్కసారి కూడా చూసి ఉండరు. ఎన్నిసార్లు చెప్పినా ఇదే వరస.

రెండు మూడు వారాల్లో మనిషే మారిపోయినట్టుంటే కారణం చాలావరకు బయట ఉంటుంది. ఎవరో ఏడిపిస్తుండొచ్చు, బెదిరిస్తుండొచ్చు, దగ్గరి స్నేహం తెగిపోయి ఉండొచ్చు, ఎవరైనా పెద్దవాళ్లు వేధించి ఉండొచ్చు. అలాంటప్పుడు శిక్షతో మొదలుపెడితే, చెప్పుకోవడానికి ఉన్న ఒక్క చోటూ పోయిందని నోరు మూసేసుకుంటారు. నెలల తరబడి కొద్దికొద్దిగా ముదిరిందంటే మాత్రం ముందు ఇంట్లో వెతకాలి.

ఆ తర్వాత నిద్ర. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పైగా యుక్తవయసులో శరీరంలోని గడియారమే ఆలస్యంగా నడుస్తుంది. తొందరగా పడుకోమంటే నిద్ర రాదు, పొద్దున లేపితే లేవలేరు. ఐదు గంటలు పడుకుని లేచిన పిల్లతో క్రమశిక్షణ గురించి మాట్లాడటం దండగ. ఫోన్ రాత్రిపూట పడకగది బయట ఉండేలా చూసి, రెండు వారాలు ఆగి, అప్పటికీ మిగిలిన గొడవలేమిటో చూడండి.

సమస్య: ఇంట్లో డబ్బు పోతోంది

ఎంత పోయిందన్నది తర్వాత. అది ఏమైందో చూడండి. గదిలో కొత్త వస్తువులు కనిపిస్తుంటే అది ఆశ. తీసింది తీర్చే దాకా పాకెట్ మనీలో కొంత కోసి వసూలు చేయండి. మొత్తం ఆపేస్తే మళ్లీ తీయక తప్పని పరిస్థితి మీరే తెచ్చినట్టవుతుంది.

డబ్బు పోయి, వస్తువేదీ కనిపించకపోతే జాగ్రత్త. ఆన్‌లైన్ గేమ్, బెట్టింగ్, అప్పు, మత్తు, వీటిలో ఏదైనా కావచ్చు. ఫోటో బయటపెడతామని ఎవరో బెదిరించి గుంజుతున్నా కావచ్చు. ఈ చివరి దానిలో ఇరుక్కున్నవాళ్లు దొంగ అనిపించుకోవడానికైనా సిద్ధపడతారు కానీ అసలు సంగతి చెప్పరు. "నీ తప్పు సంగతి తర్వాత చూద్దాం, ముందు నిన్ను ఇందులోంచి బయటపడేస్తాను" అన్న మాట మీ నోటి నుంచి వచ్చేదాకా నోరు విప్పరు. విప్పాక ఇంకో రూపాయి కూడా పంపకండి. మెసేజ్‌లు డిలీట్ చేయకండి, స్క్రీన్‌షాట్లు తీసి పోలీసులకు ఫిర్యాదు చేయండి.

సమస్య: బడి ఎగ్గొడుతున్నారు

ఏ రోజులు, ఏ పీరియడ్లు పోతున్నాయో ఒక కాగితం మీద రాయండి. ఎప్పుడూ ఒకే క్లాసు పోతుంటే ఆ సబ్జెక్టో, ఆ టీచరో, ఆ క్లాసులో ఉన్న ఎవరో కారణం. పొద్దున్నే కడుపునొప్పి, తలనొప్పి అని చెప్పి సెలవు రోజు హాయిగా ఉంటున్నారంటే చాలాసార్లు అది నాటకం కాదు, భయం. నొప్పి నిజంగానే వస్తుంది. ఇంట్లో ఉన్నకొద్దీ తిరిగి వెళ్లడం కష్టమవుతుంది కాబట్టి, బడివాళ్లతో మాట్లాడి సగం పూటైనా సరే వెంటనే పంపడం మొదలుపెట్టండి.

సమస్య: నోరు తెరిస్తే అబద్ధం

నిఘా పెంచడం అందరికీ తోచే పరిష్కారం. స్వీడన్‌లో హోకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ 14 ఏళ్ల పిల్లల మీద చేసిన అధ్యయనం 2000లో వచ్చింది. పిల్లల సంగతులు తల్లిదండ్రులకు ఎక్కువగా తెలిసేది నిఘా వల్ల కాదని, పిల్లలు తమంతట తాము చెప్పడం వల్లనని అందులో తేలింది. అంటే మీ అసలు పని పిల్లలు చెప్పే దారి మూసుకుపోకుండా చూసుకోవడం.

జవాబు తెలిసిన ప్రశ్న అడగకండి. క్లాసు ఎగ్గొట్టిందని బడి నుంచి ఫోన్ వచ్చాక కూడా "ఇవాళ బడి ఎలా జరిగింది?" అని అమాయకంగా అడిగితే, మీరే అబద్ధం ఆడించినట్టు. "క్లాసుకు వెళ్లలేదని ఫోన్ వచ్చింది" అని మొదలుపెట్టండి. తాగిన స్నేహితుడి బండి ఎక్కాల్సి వచ్చినా, ఇంకేదైనా ఆపదలో పడ్డా, ఏ వేళప్పుడు ఫోన్ చేసినా వచ్చి తీసుకొస్తానని, ఆ రాత్రికి ఒక్క ప్రశ్న కూడా వేయనని ముందే మాటివ్వండి. విచారణ తెల్లారాక పెట్టుకోవచ్చు.

సమస్య: అరుపులు, తిట్లు, వస్తువులు విరగ్గొట్టడం, ఎంత శిక్షించినా ముదురుతోంది

అందరినీ బోల్తా కొట్టించేది ఇదే. పైకి చూస్తే ఇల్లు చాలా స్ట్రిక్టుగా కనిపిస్తుంది. "మేమేమీ గారాబం చేయలేదండీ, రోజూ తిడుతూనే ఉన్నాం" అంటారు. నిజమే, రోజూ తిడుతూనే ఉంటారు. రాత్రి పది గంటలప్పుడు ఆ ఇంట్లో ఏం జరుగుతుందో చూడండి.

"ఫోన్ ఇచ్చేయ్ రా."
"ఐదు నిమిషాలమ్మా."
"ఇందాక కూడా ఐదు నిమిషాలే అన్నావు. ఇవ్వు."
"చదువుకునే గ్రూప్ అది! ఏం తెలుసని మాట్లాడతావ్?"
"మర్యాదగా ఇస్తావా, నాన్నను పిలవనా?"

కుర్చీ కిందపడుతుంది, తలుపు ధడేల్‌మంటుంది. హాల్లోంచి తండ్రి గొంతు: "పోనీలే, రేపు పరీక్ష ఉంది వాడికి, వదిలెయ్." ఇల్లు సద్దుమణుగుతుంది. ఫోన్ వాడి చేతిలోనే ఉంటుంది.

ఆ రాత్రి వాడికి అందిన పాఠం ఏ స్థాయిలో అరిస్తే అమ్మానాన్నలు ఆగిపోతారన్నది. తల్లిదండ్రులు నేర్చుకున్నది కూడా ఉంది. వదిలేస్తే వెంటనే ప్రశాంతంగా ఉంటుందని. ఇద్దరికీ అక్కడికక్కడే లాభం కనిపించింది కాబట్టి రేపు ఇద్దరూ అదే చేస్తారు. ఎప్పుడో ఒక రోజు తల్లి ఇంకా గట్టిగా అరిస్తే వాడు ఫోన్ పడేసి పోతాడు. దాంతో అరుపే పనిచేస్తుందని ఆమెకూ అలవాటవుతుంది. చిలికి చిలికి గాలివాన అవుతుంది. అమెరికాలోని ఒరెగాన్‌లో జెరాల్డ్ ప్యాటర్సన్ బృందం ఇళ్లలోకి పరిశీలకులను పంపి, తల్లిదండ్రులూ పిల్లలూ ఒకరి మాటకు ఒకరు ఎలా స్పందిస్తున్నారో వరసగా నమోదు చేయించి గుర్తించిన వలయం ఇదే. ప్రతిసారీ లొంగకపోయినా ఈ వలయం తెగదు. అప్పుడప్పుడూ లొంగితే ఆ అలవాటు ఇంకా మొండిగా పాతుకుపోతుంది, ఈసారి దొరుకుతుందేమోనన్న ఆశ చావదు కాబట్టి.

మీ ఇంట్లో ఇది ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక వారం చాలు. ప్రతి గొడవకూ మూడు ముక్కలు రాయండి: మీరేం చెప్పారు, వాళ్లేం చేశారు, ఎలా ముగిసింది. వారం చివర మూడో గడి ఒక్కటే చదవండి. "నెల రోజులు ఫోన్ బంద్" అని ఆదివారం ప్రకటించి బుధవారానికి హోంవర్క్ పేరుతో ఇచ్చేసిన వరసలు కనిపిస్తాయి. "ఈసారికి" అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో కూడా చూడండి.

సరిచేయడం చెప్పినంత తేలిక కాదు. నియమాలను రెండు మూడుకు కుదించండి. కొట్టకూడదు, దొంగతనం చేయకూడదు, చెప్పకుండా బయటికి వెళ్లకూడదు. జుట్టు, బట్టలు, గది వదిలేయండి. శిక్ష చిన్నదిగా ఉండాలి, మీరు బాగా అలిసిపోయిన రోజున కూడా అమలు చేయగలిగేదై ఉండాలి. అమలయ్యే ఒక్క రోజు శిక్ష, అమలుకాని నెల శిక్ష కంటే బలమైంది. అది ఏమిటో గొడవ లేని రోజున, ఇంట్లోని పెద్దలంతా ఒక్క మాట మీద ఉండి చెప్పాలి. ఒకరు వేసిన శిక్షను ఇంకొకరు వంటగదిలో రద్దు చేసే ఇంట్లో ఈ పద్ధతి మొదలుపెట్టనే వద్దు, ముందు మీరిద్దరూ తేల్చుకోండి. సమయం వచ్చినప్పుడు ఒక్కసారి చెప్పి అక్కడి నుంచి వెళ్లిపోండి. వాదనకు దిగితే మళ్లీ మొదటికొస్తారు.

మొదటి రోజుల్లో గొడవ తగ్గదు, పెరుగుతుంది. ఇన్నాళ్లూ పనిచేసిన అరుపు పనిచేయకపోతే ఎవరైనా ఇంకాస్త గట్టిగా అరిచి చూస్తారు. సరిగ్గా ఇక్కడే చాలామంది "ఇది మా వాడికి పడలేదండీ" అని వదిలేస్తారు. అప్పుడు లొంగితే పాత స్థాయికి కాదు, ఆ కొత్త స్థాయికి అలవాటు చేసినట్టవుతుంది. అంతదాకా నిలబడలేమనిపిస్తే మొదలుపెట్టకపోవడమే నయం. మీద పడి కొట్టే ప్రమాదం ఉంటే మాత్రం ఫోన్ గీన్ పక్కన పెట్టి, చిన్నపిల్లలను అవతలికి పంపి, మీరూ తప్పుకుని సాయం పిలవండి. శిక్ష మర్నాడు అమలవుతుంది.

ఇంకో సగం పని ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఈ ఇళ్లలో మర్యాదగా అడిగితే ఏదీ రాదు, అరిస్తే అన్నీ వస్తాయి. "రేపు మ్యాచ్ ఉందమ్మా, పదకొండింటి దాకా చూడొచ్చా?" అని ముందురోజు నెమ్మదిగా అడిగితే ఆలోచించకుండా "వద్దు" అనేస్తారు. మామూలు గొంతుతో అడిగినవాటిలో ఒప్పుకోగలిగినవి ఒప్పుకోండి. ఒప్పుకోలేనివాటికి కారణం చెప్పండి. అరుపు దారి మూసేసి, అడిగే దారి తెరవకపోతే వాళ్లు దొంగచాటు దారి వెతుక్కుంటారు.

సమస్య: ఒంటరిగా ఉంటే బంగారం, గుంపులో ఉంటే ఘోరం

ఇది నటన కాదు. మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ 2005లో ప్రచురించిన ప్రయోగంలో 13–16 ఏళ్ల వాళ్లు కారు నడిపే వీడియో గేమ్‌ను స్నేహితుల సమక్షంలో ఆడినప్పుడు, ఒంటరిగా ఆడినప్పటికంటే బాగా ఎక్కువ రిస్క్ తీసుకున్నారు. 24 దాటిన పెద్దల్లో ఆ తేడా కనిపించలేదు. ఫలానావాడితో తిరగొద్దంటే చాటుగా తిరుగుతారు. దానికంటే సందర్భాన్ని మార్చండి: బండి తాళాలు మీ దగ్గర ఉంచుకోండి, ఆ స్నేహితులను మీ ఇంటికే రానివ్వండి, పెద్దవాళ్లు లేని ఇంట్లో రాత్రి బస వద్దనండి.

జైలు చూపించి భయపెడదామని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఖైదీలతో మాట్లాడించి భయపెట్టే కార్యక్రమాలను అమెరికాలో పరీక్షించి చూశారు. వాటికి వెళ్లిన పిల్లలు వెళ్లనివాళ్ల కంటే ఎక్కువ నేరాలు చేశారు. ఆ ఆలోచన మానేయండి.

మిగతా కారణాలు

హార్మోన్లు: అందరు పిల్లలకూ ఉంటాయి, అందరూ డబ్బు తీయరు. థైరాయిడ్ లాంటివి: అనుమానముంటే ఒకసారి డాక్టరుకు చూపించి వదిలేయండి. పుట్టుకతోనే దుర్మార్గం: మొక్కై వంగనిది మానై వంగునా అని నిట్టూర్చేవాళ్లుంటారు, పద్నాలుగేళ్లకే మాను చేసేస్తే ఎలా?

ఒక్కదాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఈ వయసులో డిప్రెషన్ ఏడుపులా కాకుండా చిరాకులా, కోపంలా బయటపడొచ్చు. రెండు వారాలకు పైగా రోజంతా చిరాకు, ఇష్టమైన ఆటనో స్నేహితులనో వదిలేయడం, తిండిలో నిద్రలో మార్పు, ఇవి కలిసి కనిపిస్తే మానసిక వైద్యులకు చూపించండి. చనిపోతానని అన్నా, ఒంటి మీద కోతలు కనిపించినా ఆ రోజే తీసుకెళ్లండి. "బెదిరిస్తోందిలే" అనుకుని రేపటికి వాయిదా వేయకండి, అప్పటిదాకా ఒంటరిగా వదలకండి. అక్కడ డాక్టరు కాసేపు మిమ్మల్ని బయట కూర్చోమంటే వాదించకుండా కూర్చోండి.