సాలిడ్ ఆక్సైడ్ ఫ్యూయల్ సెల్ పరిశోధనకు విదేశం వచ్చిన భౌతికశాస్త్రవేత్తలకు

భౌతికశాస్త్రంలో డాక్టరేట్ పూర్తిచేసి, సాలిడ్ ఆక్సైడ్ ఫ్యూయల్ సెల్స్ (బాగా వేడి మీద హైడ్రోజన్, గాలి నుంచి కరెంటు తీసే సిరామిక్ పరికరాలు) మీద పనిచేసే బృందంలో పోస్ట్‌డాక్‌గా చేరడానికి పరాయి దేశంలో దిగినవారు మొదటి వారంలోనే రెండు క్యాలెండర్లను పక్కపక్కన పెట్టుకోవాలి. ఒకటి ఉద్యోగ ఒప్పందానిది, రెండోది సెల్‌ను వేడిగా ఉంచి పరీక్షించే ఫర్నేస్‌ది. ఒప్పందం చాలాచోట్ల రెండు మూడేళ్లకు మించదు. ఫర్నేస్‌కు ఆ సంగతి పట్టదు. నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున వేడెక్కిస్తే 800 డిగ్రీల సెల్సియస్‌కు చేరడానికే 13 గంటలు పడుతుంది; 1,000 గంటల మన్నిక పరీక్ష అంటే ఎడతెగకుండా దాదాపు 42 రోజులు. వీసా పొడిగింపు, నివాస నమోదు వంటి పనుల తేదీలు ఆ 42 రోజుల మధ్యలో పడకుండా చూసుకోండి. తప్పనిసరైతే ఆ రోజు మీ సెల్‌ను కనిపెట్టుకుని ఉండే సహచరుణ్ణి ముందే మాట్లాడి పెట్టుకోండి.

గ్యాస్ భద్రతా శిక్షణ పూర్తయ్యేదాకా మిమ్మల్ని సిలిండర్ వాల్వు ముట్టుకోనివ్వకపోవచ్చు. ఎన్నేళ్ల అనుభవం ఉన్నా దాన్ని చిన్నచూపుగా భావించవద్దు. రంగూ వాసనా లేని హైడ్రోజన్ గాలిలో 4 నుంచి 75 శాతం వరకు ఏ పాళ్లలో కలిసినా అంటుకోగలదు. అలారం మోగితే ఎటు వెళ్లాలో తెలుసుకోవడంతో పాటు, రాత్రిపూట హైడ్రోజన్ అయిపోతే దాని స్థానంలో ఏ గ్యాస్ దానంతటదే వస్తుందో తప్పక అడగండి. నేను అడగలేదు. ఒక శనివారం రాత్రి సిలిండర్ ఖాళీ అయింది. సోమవారం చల్లారిన ఫర్నేస్ తెరిచి చూస్తే, బూడిదరంగులో ఉండవలసిన యానోడ్ (హైడ్రోజన్ అందే వైపున్న నికెల్ ఎలక్ట్రోడ్) అంచులు ఆకుపచ్చగా మారి, సెల్ అడ్డంగా పగిలి ఉంది. నికెల్ తిరిగి ఆక్సైడ్‌గా మారేటప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 70 శాతం పెరుగుతుంది; పలచని సిరామిక్ పొర ఆ ఒత్తిడికి నిలవదు. ఆరు వారాల శ్రమ పోయినా, ఆ పచ్చరంగును మాత్రం ఇప్పటికీ మరచిపోలేదు.

భౌతికశాస్త్రం చదివినవారు సహజంగానే ఇంపీడెన్స్ (ఏసీ విద్యుత్తుకు సెల్ చూపే నిరోధం) వక్రాల వైపు, స్ఫటికంలోని లోపాల రసాయనం వైపు ఆకర్షితులవుతారు. అది మంచిదే. 1899లో శాస్త్రవేత్త నెర్న్‌స్ట్ వేడి జిర్కోనియా (జిర్కోనియం ఆక్సైడ్) విద్యుద్వాహకతను గమనించిన దగ్గరి నుంచి ఈ రంగం భౌతికశాస్త్రానికి సొంతిల్లే. 1937లో బావర్, ప్రైస్ తొలి సెల్ నడిపారు. 8 మోల్ శాతం ఇట్రియా (ఇట్రియం ఆక్సైడ్) కలిపిన జిర్కోనియా నేటికీ ప్రామాణిక ఎలక్ట్రొలైట్, అంటే రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఆక్సిజన్ అయాన్లను దాటనిచ్చే పొర. అయినా మొదటి మూడు నెలలు పేస్టు కలపడం, పూయడం, సీలు వేయడం టెక్నీషియన్ పక్కన నిలబడి నేర్చుకోవాలని నా గట్టి అభిప్రాయం. 3 శాతం నీటి ఆవిరి కలిసిన హైడ్రోజన్ ఒకవైపు, గాలి మరోవైపు ఉన్నప్పుడు, 800 డిగ్రీల దగ్గర లోడు లేని వోల్టేజి 1.1 వోల్టుల చుట్టుపక్కల ఉండాలి. మీటరు 1.02 చూపితే కొత్త సిద్ధాంతం వెతకకుండా, గ్యాస్ కారుతోందేమో ముందు సీలు చూడండి. అదే విధంగా క్యాథోడ్ (గాలి వైపు ఎలక్ట్రోడ్) నెమ్మదిగా చచ్చుబడుతుంటే, స్టీలు భాగాల నుంచి ఆవిరయ్యే క్రోమియాన్ని అనుమానించాలి.

ప్రచురణల సంగతి మొదటి నెలలోనే మీ పర్యవేక్షకులతో మాట్లాడుకోవాలి. జర్మనీలోని యూలిష్ పరిశోధనా కేంద్రంలో 2007లో మొదలైన, రెండు సెల్స్ ఒకదానిమీద ఒకటి పేర్చిన స్టాక్ దశాబ్దానికి పైగా నడిచింది. అటువంటి ఫలితం ఏ ఒక్క పోస్ట్‌డాక్ ఒప్పందంలోనూ ఇమడదు. కాబట్టి దీర్ఘ పరీక్ష ఒకవైపు సాగుతుండగానే, బటన్ సెల్స్ (నాణెమంత చిన్న పరీక్షా సెల్స్) మీద గానీ, ఎలక్ట్రోడ్ పదార్థం వాహకత మీద గానీ సొంతంగా ముగించగల పని ఒకటి పెట్టుకోండి. ఈ సెల్స్ మీద ఎలక్ట్రోకెమికల్ సొసైటీ సదస్సు బేసి సంవత్సరాల్లో, స్విట్జర్లాండ్‌లోని లూసర్న్‌లో జరిగే యూరోపియన్ ఫోరం సరి సంవత్సరాల్లో వస్తాయి. తరువాతి ఉద్యోగానికి పరిచయాలు ఎక్కువగా అక్కడే ఏర్పడతాయి. ఇదే సెల్‌ను వ్యతిరేక దిశలో నడిపి, కరెంటుతో నీటి ఆవిరి నుంచి హైడ్రోజన్ తయారుచేసే ఎలక్ట్రొలిసిస్‌లోనూ చేయి తిరిగినవారికి దారులు ఇంకొన్ని తెరుచుకుంటాయి.

ల్యాబ్ నోటుపుస్తకం, ముడి కొలతలు సాధారణంగా సంస్థకే చెందుతాయి. ఏవి వెంట తీసుకువెళ్లవచ్చో చేరిన నెలలోనే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. వెళ్లేటప్పుడు అడిగితే, సంతకం పెట్టవలసినవారు అప్పటికే మరో దేశానికి మారిపోయి ఉండవచ్చు.