కాలం మారినా పోల్చడమెలా? రేసు డ్రైవర్లు – 3వ పాఠం: శరీరంపై పడే భారం

ఒకే జట్టులో ఒకే రకం కారు నడిపిన ఇద్దరిని ఎలా పోల్చాలో గత పాఠంలో చూశాం. ఇప్పుడు శారీరక శ్రమ సంగతి. పాతవారే మొనగాళ్లనేవారూ, ఇప్పటివారే అసలైన అథ్లెట్లనేవారూ శ్రమనంతా ఒకే తక్కెడలో తూస్తారు. మనం మాత్రం అది ఏ అవయవంపై, ఎంతసేపు పడిందో ముందు విడదీసుకోవాలి.

1955 అర్జెంటీనా గ్రాండ్ ప్రి (ఫార్ములా వన్ కార్ల పోటీ) మూడు గంటలకు పైగా సాగింది. బ్యూనస్ ఐరిస్ మండుటెండకు తాళలేక చాలామంది మధ్యలోనే కారును మరొకరికి అప్పగించగా (అప్పటి నిబంధనలు అందుకు ఒప్పుకునేవి), పోటీ పూర్తిచేసిన వారిలో మొదటినుంచి చివరిదాకా ఒంటరిగా నడిపినవారు ఇద్దరే: నలభై మూడేళ్ల విజేత ఫాంజియో, రొబెర్టో మియెరెస్. గాలి ఒత్తిడితో కారును నేలకు అదిమే రెక్కలు లేని, సన్నని టైర్ల కారు కాబట్టి మెడపై భారం తక్కువ. పరీక్షంతా వేడికీ ఓర్పుకీ.

నేటి పోటీ సాధారణంగా రెండు గంటలలోపే ముగుస్తుంది, స్టీరింగ్‌కు పవర్ సాయం ఉంది. కానీ గట్టిగా బ్రేకు వేసినప్పుడు సుమారు 5 జి బలం, అంటే భూమ్యాకర్షణకు ఐదు రెట్లు, పడుతుంది. తల, హెల్మెట్ కలిసి 6 కిలోలనుకున్నా, ఆ క్షణంలో మెడ మోసేది 30 కిలోలు. అదీ ల్యాపుకు (ట్రాక్‌పై ఒక చుట్టుకు) ఎన్నోసార్లు.

నా దృష్టిలో భుజాలకు అత్యంత కఠినమైనది ఈ రెంటి నడిమి కాలం: గాలి ఒత్తిడి కారును నేలకు అదిమేది, పవర్ స్టీరింగ్ ఇంకా రాలేదు. 1991లో బ్రెజిల్‌లోని ఇంటర్లాగోస్ ట్రాక్‌పై గేర్లు ఒక్కొక్కటే పోయి చివరకు ఆరో గేరుతోనే నెట్టుకొచ్చి గెలిచిన బ్రెజిల్ డ్రైవరు సెన్నాను కారులోంచి ఇతరులు పట్టుకుని దించాల్సి వచ్చింది. అలాగని వేడిని పాతకాలానికే వదిలేయకండి. 2023 ఖతార్ పోటీలో వేడికి డ్రైవరు లోగన్ సార్జెంట్ నడపలేక తప్పుకున్నాడు, మరో డ్రైవరు ఓకాన్ హెల్మెట్‌లోనే వాంతి చేసుకున్నాడు.

అయితే ఓర్పు వేరు, నేర్పు వేరు. అలసట ల్యాపు సమయాన్ని దెబ్బతీసినప్పుడే అది నేర్పు లెక్కలోకి వస్తుంది. అందుకే ఈ వారం అభ్యాసం: ఏదైనా ఒక పోటీని, అందులో ఒక డ్రైవరును ఎంచుకుని మెడ, భుజాలు, వేడి అనే మూడు గడుల్లో భారాన్ని రాసుకుని, చివరి పది ల్యాపుల సమయాలను పరిశీలించండి. ఇంధనం తగ్గి కారు తేలికవుతుంది, టైర్లు అరుగుతాయి. కాబట్టి ఆ సమయాలను అతని ఆరంభ ల్యాపులతో కాక, అదే జట్టులోని రెండో డ్రైవరు చివరి పది ల్యాపులతోనే పోల్చండి.