ఇంటర్వ్యూకి ముందు కంపెనీ గురించి ఎలా తెలుసుకోవాలి?

శ్రీసిటీలోనో, కరకంబాడిలోనో, రేణిగుంట ఎయిర్‌పోర్ట్ దగ్గరి ఎలక్ట్రానిక్స్ కంపెనీల్లోనో ఇంటర్వ్యూ ఉందని ఫోన్ వస్తుంది. చాలామంది వెంటనే వెబ్‌సైట్ తెరిచి 'మా గురించి' పేజీ చదివి, నాణ్యత, నమ్మకం అంటూ నాలుగు మాటలు బట్టీ పట్టి వెళ్తారు. ఆ పేజీ ఏ కంపెనీదైనా దాదాపు ఒకేలా ఉంటుంది. కంపెనీ తన గురించి చెప్పుకునేది కాదు, చట్టప్రకారం చెప్పక తప్పనిది చదవండి. ఒక సాయంత్రం కూర్చుంటే చాలు.

ముందు అసలు పేరు పట్టుకోండి. జనం పిలిచే పేరు, రిజిస్టరైన పేరు తరచూ వేరు. శ్రీసిటీలో అందరూ క్యాడ్‌బరీ అనేది కాగితాల మీద మాండలీజ్ ఇండియా ఫుడ్స్. అమరరాజా బ్యాటరీస్ 2023లో అమరరాజా ఎనర్జీ అండ్ మొబిలిటీ అయింది. అదే గ్రూపులోని పవర్ సిస్టమ్స్, ఇన్‌ఫ్రా వేరే కంపెనీలు. మీకొచ్చిన మెయిల్‌లో కాంట్రాక్ట్ ఏజెన్సీ పేరుంటే మాత్రం, గేటు మీద బోర్డు ఎంత పెద్దదైనా, జీతం ఇచ్చేది ఆ ఏజెన్సీయే. ఆరా తీయాల్సిందీ దాని గురించే. మన వైపు ఫ్యాక్టరీ ఉద్యోగాల్లో పిల్లలు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. "సార్, నేను కంపెనీ రోల్స్‌లో ఉంటానా, కాంట్రాక్ట్ రోల్స్‌లోనా?" అని ఫోన్ చేసినవాళ్లనే అడిగేయండి. మొహమాటం అక్కర్లేదు.

పేరు దొరికాక సీఐఎన్, అంటే రిజిస్టరైన ప్రతి కంపెనీకీ ఇచ్చే గుర్తింపు నంబర్ చూడండి. కంపెనీ లెటర్‌హెడ్ మీద ఇది ఉండాలని 2013 కంపెనీల చట్టం చెబుతోంది. మొత్తం 21 అక్షరాలు, అంకెలు. మొదటి అక్షరం ఎల్ అయితే షేర్ మార్కెట్‌లో లిస్టయిన కంపెనీ, యు అయితే కాదు. తర్వాతి 5 అంకెలు ఏ రంగమో, 2 అక్షరాలు ఏ రాష్ట్రమో, ఆపై 4 అంకెలు ఏ సంవత్సరంలో రిజిస్టరైందో చెబుతాయి. కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ, అంటే ఎంసీఏ వెబ్‌సైట్‌లో ఆ నంబర్ వెతికితే కంపెనీ నడుస్తోందా, రిజిస్టర్ నుంచి పేరు తీసేశారా, చివరిసారి బ్యాలెన్స్ షీట్ ఎప్పటిది ఇచ్చారో కనిపిస్తుంది. చిత్తూరులో మామిడి గుజ్జు తీసే చిన్న యూనిట్ లాంటిది భాగస్వామ్య సంస్థ అయితే దానికి సీఐఎన్ ఉండదు. అప్పుడు జీఎస్టీ నంబర్‌తో జీఎస్టీ పోర్టల్‌లో వెతకండి. మొదటి రెండంకెలు 37 అయితే మన ఆంధ్రప్రదేశ్, 33 అయితే తమిళనాడు.

నా లెక్కలో అన్నిటికంటే పనికొచ్చేది ఉద్యోగుల పీఎఫ్ (భవిష్య నిధి) చూసే కేంద్ర సంస్థ ఈపీఎఫ్‌ఓ వెబ్‌సైట్. ఎందుకో ఎవరూ దాని జోలికి పోరు. అందులో సంస్థ పేరు వెతికి చెల్లింపుల వివరాలు తెరిస్తే ఏ నెలకు ఎంతమందికి పీఎఫ్ కట్టారు, ఏ తేదీన కట్టారు అనేవి వరుసగా వస్తాయి. ఒక నెల పీఎఫ్ మరుసటి నెల 15లోగా కట్టాలి. నెలల తరబడి ఆలస్యంగా కడుతుంటే జీతాలూ అలాగే ఉండొచ్చని అనుమానించండి. ఏడాదిలో మనుషుల సంఖ్య సగానికి పడిపోతే ఎందుకో కనుక్కోండి. ఒక్క జాగ్రత్త: కొన్ని కంపెనీలు అన్ని ఫ్యాక్టరీలకూ కలిపి హెడ్డాఫీసు పీఎఫ్ కోడ్ మీదే కడతాయి. తిరుపతి పేరుతో దొరకనంత మాత్రాన మోసమని తేల్చేయకండి.

లిస్టయిన పెద్ద కంపెనీ అయితే వార్షిక నివేదిక తెరవండి. అంతా చదవాల్సిన పని లేదు. మార్కెట్ విలువలో మొదటి 1000 కంపెనీలు అందులో బీఆర్‌ఎస్‌ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక) అనే భాగం ఇవ్వాలి. పర్మనెంట్ కార్మికులు ఎంతమంది, కానివాళ్లు ఎంతమంది, ఏటా ఎంత శాతం మానేస్తున్నారు, ప్రమాదాలెన్ని అనేవన్నీ ఉంటాయి.

కాగితాలు చెప్పనివి కొన్ని ఉంటాయి. అవి అక్కడ పనిచేసే సీనియర్లను, తడ, సూళ్లూరుపేట వైపు రూములు తీసుకుని ఉండేవాళ్లను అడగాలి. "కంపెనీ ఎట్లుందన్నా?" అంటే "బాగుందిలే" అంటారు, అంతటితో సరి. విడివిడిగా అడగండి: "ఓటీ (ఓవర్‌టైమ్) రెట్టింపు రేటుకు ఇస్తారా అన్నా? షిఫ్ట్ బస్సు తిరుపతి నుంచి ఉందా, శ్రీకాళహస్తి నుంచేనా?" మన బంధువుల్లో ప్రతి కంపెనీ గురించీ ఒక మాట చెప్పేవాళ్లు ఒకరుంటారు. ఆయన చెప్పేది వినండి, కానీ ఏ సంవత్సరం సంగతో అడగండి. డిపాజిట్ అనో, యూనిఫాం ఖర్చనో ముందే డబ్బు అడిగితే ఇక వెతకడం మానేసి ఆ నంబర్ బ్లాక్ చేయండి.

ఇంటర్వ్యూలో ఇవన్నీ అప్పజెప్పకండి, సీబీఐ వాళ్లు వచ్చినట్టుంటుంది. "ఈ లైన్ కొత్తగా మొదలైందని చదివాను, నన్ను ఏ షిఫ్ట్‌లో వేస్తారు?" అనేంత చాలు. జీతం సంగతి వాళ్లు ఎత్తేదాకా ఆగండి. ఎత్తాక సీటీసీ (మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) ఎంత, చేతికొచ్చేది ఎంత అని రెండూ వేర్వేరుగా అడగండి. సీటీసీలో కంపెనీ కట్టే పీఎఫ్ వాటాను కూడా కలిపే చెబుతారు.